మరియమ్మ మెడలో నల్ల చీటీ

మార్కాపురం చెన్నకేశవస్వామి మీద ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు, నా రెండు నీళ్ళ ట్యాంకర్ల మీద ఒట్టు. కింద రాసినదంతా జరిగింది జరిగినట్టు. మొదటి రెండు ఒట్లూ నేను ఇంతకుముందు చాలాసార్లు వేశాను కాబట్టి మా బజారులో ఎవరూ లెక్కచేయరు. ట్యాంకర్ల మీద ఒట్టు వేయడం మాత్రం ఇదే మొదలు.

దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్ళంటే నాకు చులకన. నల్లమల ఘాట్‌లో తెల్లచీర మనిషి లారీ ఆపిందని చెప్పే ప్రతి డ్రైవరునూ నేను ఒకటే అడుగుతాను, చీర అంచు ఏ రంగని. ఇంతవరకు ఇద్దరు ఒకే రంగు చెప్పలేదు. అసలు ఆ కథల్లో కొన్ని నేను పుట్టించినవే. పదేళ్ళ కిందట యర్రగొండపాలెం బస్టాండులో టీ తాగుతూ ఒక దయ్యాన్ని వదిలాను. అది దర్శి దాకా పోయి, కాళ్ళకు పట్టీలు తొడుక్కుని, మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. చెప్పినవాడు నాకు జాగ్రత్తలు కూడా చెప్పి వెళ్ళాడు.

నాది మార్కాపురంలో టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, నీళ్ళ ట్యాంకర్లు అద్దెకిస్తాను. భోజనాలు కూడా పెడతాను. పెళ్ళికీ, దినానికీ, రాజకీయ సభకూ అదే షామియానా. మూడింటిలోనూ జనం అన్నం కోసం ఒకేలా తోసుకుంటారు.

ఆ ఏడు ఉగాది దాటాక సైన్యం బృందం ఒకటి మా వైపు వచ్చింది. పేరు రాయను, అడగొద్దు. ఊరి మధ్యలో ఎవడైనా విషవాయువు బాంబు పేలిస్తే జనాన్ని ఎలా కాపాడాలో సాధన చేయడానికి వచ్చారు. వాళ్ళకు నీడ, నీళ్ళు, అన్నం, బాధితుల వేషానికి మనుషులు, ఇవన్నీ సమకూర్చే పని నాకు దక్కింది. కాగితంలో దాన్ని లాజిస్టిక్స్ సపోర్టు అని రాశారు. మా ఆవిడ చదివి, "అంటే వంటపనే గదా" అంది.

సాధనకు ఎంచుకున్న చోటు, మూతపడ్డ పలకల గని. పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చాక పలకలు కొనేవాళ్ళు తగ్గి, మా దగ్గర ఇలాంటి గనులు చాలా మూతపడ్డాయి. ఇల్లంత లోతు గుంతలు ఏడో ఎనిమిదో, చుట్టూ నల్లరాతి పెళ్ళల గుట్టలు. పొద్దున పదికే ఆ రాయి పెనంలా కాలుతుంది. అక్కడికి మైలు దూరంలో, రోడ్డు పక్కన నా షామియానా.

బృందంలో పన్నెండుమంది ఒళ్ళంతా కప్పే రబ్బరు తొడుగులు వేసుకున్నారు. మొహానికి ముసుగు, దానికి రెండు గుండ్రటి అద్దాలు, వీపు మీద ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు. అందరూ ఉత్తరాది వాళ్ళే. తెలుగు వచ్చినవాడు ఒక్క సుబేదారు, విజయనగరం వైపు మనిషి. అతను తొడుగు వేసుకోలేదు. చేతిలో అట్టకు బిగించిన జాబితా ఉంటే చాలు, తనకు ఏ విషమూ ఎక్కదన్న ధీమా అతనిది.

పక్క పల్లె నుంచి నలభైమందిని కూలికి తెచ్చాను. ఒక్కొక్కరి మెడలో ఒక రంగు చీటీ కట్టారు. పచ్చ అంటే నడవగలిగినవాళ్ళు, ఎరుపు అంటే వెంటనే మోసుకుపోవలసినవాళ్ళు, నలుపు అంటే చనిపోయినవాళ్ళు. నల్ల చీటీలు నాలుగు. మూడు కుర్రాళ్ళు తీసుకున్నారు. నాలుగోదాని దగ్గర మరియమ్మ నిలబడింది. అరవై దాటిన మనిషి. భర్త ఈ గనుల్లోనే పలకలు కోసి, ఆ దుమ్ముకే దగ్గి దగ్గి పోయాడు.

"సచ్చినోళ్ళకు పనేంది నాయనా?" అని అడిగింది.

"పండుకోవడమే అవ్వా."

"కూలి?"

"అందరికీ ఒకటే."

"అయితే నాకు అదే కట్టు. బతికినోళ్ళ పని ఇన్నేండ్లు చేసినా, చాలు."

మేం వచ్చి లేపేదాకా ఎవరూ కదలకూడదని సుబేదారు చెప్పాడు. నేను మైకులో ఆ ముక్క చెప్పి, నా సొంతంగా ఇంకో ముక్క తగిలించాను. "కదిలినోళ్ళకు కూలి లేదు!" అన్నాను. నాకు అదొక అలవాటు. ఎవరి మాటైనా నా నోట్లోంచి వస్తే కొంచెం లావెక్కి వస్తుంది.

మరియమ్మ తెలివైన మనిషి. అందరిలా గని మొదట్లో పడుకోలేదు. అన్నిటికంటే చివరి గుంతలో, రాతిగోడ నీడ చూసుకుని పడుకుందని తర్వాత తెలిసింది.

ఈలలు ఊదారు, పొగ వదిలారు. తొడుగులవాళ్ళు బరువుగా అడుగులేస్తూ వచ్చి, మనుషుల్ని మోసుకుపోయి, గని బయట గుడారంలో నిలబెట్టి విషం కడగడం మొదలుపెట్టారు. అక్కడ నా ట్యాంకర్లు. నాలుగు రోజులకొకసారి వచ్చే నీళ్ళకు బిందెలు వరసపెట్టి కొట్టుకునే పల్లె అది. వాళ్ళ మీద, ఏ జబ్బూ లేని వాళ్ళ మీద, గొట్టాలతో నీళ్ళు కుమ్మరించారు. ఆడవాళ్ళు కొంగుల్లో సబ్బుముక్కలు తెచ్చుకున్నారు. ఒకామె ఆ పక్క నుంచి బయటికి పోయి ఈ పక్క నుంచి మూడోసారి వచ్చింది.

"ఏందమ్మే, నీకు ఎన్నిసార్లు తగిలింది విషం?" అన్నాను.

"తల రుద్దుకోలేదన్నా ఇంకా!" అంది.

సుబేదారు ఆమెకు మూడుసార్లూ టిక్కు పెట్టాడు. దేశ రక్షణ ఆ జాబితాలో అంత బాగా సాగింది.

మిట్టమధ్యాహ్నం ఆఖరి ఈల ఊదారు. పన్నెండు తొడుగులూ ఒంటిమీదే కడిగి, విప్పి, పసుపు సంచుల్లో వేసి, మూతులు సీలు చేసి లారీ ఎక్కించారు. ఆ తర్వాతే అందరూ ట్రాక్టర్లలో షామియానా దగ్గరికి వచ్చి అన్నానికి కూర్చున్నారు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, ముందు సీళ్ళు, తర్వాత అన్నం.

నేను విస్తరాకులు తలకొకటి చొప్పున తెస్తాను. ఒకటి ఎక్కువ తేను, ఒకటి తక్కువ కానివ్వను. ఆ రోజు వడ్డన సగంలోనే చూశాను, ఒక ఆకు మిగిలింది. ఎవరూ చెప్పలేదు, నేనే గమనించాను. మరియమ్మ!

తింటున్న ఆకు వదిలేసి సుబేదారు దగ్గరికి పరుగెత్తాను.

"చనిపోయినవాళ్ళను తరలించడం ఈ సాధనలో భాగం కాదండీ. ఆ నలుగురికీ పొద్దున్నే టిక్కు పెట్టేశాం. ఈల ఊదాక వాళ్ళే లేచొచ్చేస్తారు కదా" అన్నాడు, పప్పు కలుపుకుంటూ.

కుర్రాళ్ళు ముగ్గురూ అన్నం వాసనకే లేచొచ్చారు. మరియమ్మ రాలేదు. ఈల తనకు కాదనుకుంది. వచ్చి లేపేదాకా కదలకూడదు, కదిలితే కూలి పోతుంది. గోడ నీడ మెల్లగా జరిగిపోయింది. ఆమె జరగలేదు.

కాశింను కేకేశాను. నా ట్యాంకర్ డ్రైవరు, పదిహేనేళ్ళుగా నా దగ్గరే ఉన్నాడు. నా అబద్ధాలన్నీ వరసక్రమంలో తెలిసినవాడు. ట్యాంకరులోనే గనికి పోయాం. చీమ లేదు. అన్ని గుంతలూ ఒకేలా ఉన్నాయి. ఎండకు రాతి మీద గాలి వణుకుతోంది.

"యాడ పండుకుందన్నా?" అన్నాడు కాశిం. నాకు తెలియదు. మనుషుల్ని తెచ్చింది నేను, ఎవరు ఎక్కడున్నారో చూసుకోనిదీ నేనే.

అప్పుడు చూశాం. దూరంగా, చివరి గుంత గట్టు మీద ఒకడు నిలబడి ఉన్నాడు. రబ్బరు తొడుగు, ముసుగు, రెండు అద్దాలు. కుడిచెయ్యి చాపి కిందికి చూపిస్తున్నాడు.

"ఆ బట్టల్లో ఉండేది ఎవురన్నా? అందరూ అన్నాలకు కూర్చున్యారు గదా!"

"ఎవడో ఒకడు మిగిలుంటాడు, పోనీ" అన్నాను.

గుంత దగ్గరికి చేరి కిందికి చూస్తే మరియమ్మ. వెల్లకిలా, చేతులు గుండెల మీద పెట్టుకుని, చెప్పినట్టే పడుకుని ఉంది. దిగి ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు, నాలుక ఎండి బయటికి వచ్చింది. తలెత్తి చూస్తే గట్టు మీద ఎవరూ లేరు. చుట్టూ అంతా బోడి నేల, దాక్కోవడానికి ఒక కంపచెట్టు కూడా లేదు.

కాశిం నీళ్ళ కోసం ట్యాంకరు కుళాయి తిప్పాడు. నీళ్ళు లేవు. పొద్దుటి నుంచి సుఖంగా ఉన్నవాళ్ళకు ఆ నీళ్ళన్నీ పోశాం. పోసింది వాళ్ళు, తెచ్చింది నేను. ట్యాంకరును ఏటవాలుగా నిలిపితే అడుగున మిగిలిన తుప్పునీళ్ళు చెంబెడు వచ్చాయి. వాటితోనే మొహం తడిపి, పెదాలు తడిపి, ఇద్దరం పైకి మోసుకొచ్చి, కాబిన్‌లో పడుకోబెట్టి మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇంకో అరగంట గడిచి ఉంటే ఆ నల్ల చీటీ నిజమయ్యేదని డాక్టరు చెప్పాడు. చీటీ ఇంకా మెడలోనే ఉంది. నర్సు కత్తిరించి పారేసింది.

మర్నాడు మాట వచ్చింది ఆమెకు.

"ఆ ముసుగాయన ఎవురు నాయనా? నీడ పోయినాక వచ్చి నా మీద ఎండ పడకుండా అడ్డం నిలబడినాడు. లేస్తానంటే, వద్దు, కండ్లు తిరిగి పడతావు, ఆ షామియానాయనకు చెప్పొస్తా అని పోయినాడు. మళ్ళీ వచ్చినాడు. చెప్పినా, వస్తాడు అన్యాడు. నీకు చెప్పినాడా?"

"లేదవ్వా. నా అంతట నేనే వచ్చినా" అన్నాను.

సుబేదారును అడిగాను. పన్నెండు సంచులు, పన్నెండు సీళ్ళు చూపించాడు. పదమూడో తొడుగు బృందం తేనేలేదు. "మీ మార్కాపురం ఎండ అలాంటిదండీ" అని నవ్వి, లారీ ఎక్కి పోయాడు. వాళ్ళ నివేదికలో ఆ సాధన విజయవంతమైందని తర్వాత విన్నాను.

పల్లెలో రెండు జట్లు అయ్యాయి. దేవదూత అని ప్రార్థనకు పోయేవాళ్ళు అన్నారు. కాదు, గనిలో పోయిన ఆమె మొగుడే అని మిగతావాళ్ళు. ఆ మొగుణ్ణి నేను ఎరుగుదును. బతికుండగా పెళ్ళానికి చెంబెడు నీళ్ళు అందించిన మనిషి కాదు, చచ్చి ఎండకు అడ్డం నిలబడతాడా? దేవదూతకైతే రబ్బరు తొడుగు దేనికి? రెండు జట్లనూ బాగా ఎగతాళి చేశాను. ఆ తొడుగువాణ్ణి మాత్రం ఇద్దరం చూశాం. కాశింను అడగండి, వాడు నాకంటే అబద్ధాలు తక్కువ ఆడతాడు. గట్టు మీద మనిషిని చూశానని ఇవాళ్టికీ అంటాడు.

ఇక, ఒట్టు వేసి రాసినదాంట్లో కల్పించింది ఏదో చెప్పాలి. మీరు అనుకుంటున్న ముక్క కాదు.

విస్తరాకు మిగలలేదు. నేనేమీ గమనించలేదు.

నాకు చెప్పారు. అన్నం వడ్డించేచోట, నేను గుండిగ పక్కనే కుర్చీ వేసుకుని తింటుండగా, తొడుగువాడు వచ్చి నా ముందు నిలబడ్డాడు. మిగతావాళ్ళ తొడుగులు నీళ్ళు కారుతుండగా విప్పడం చూశాను. వీడిది పొడిగా, నిండా పలకరాతి దుమ్ము. గుండిగ మూత మీద చెయ్యి ఆనించి, ముసుగులోంచి అన్నాడు: "మరియమ్మ ఎండలో ఉంది. పోయి తోలుకరాపో."

అది మా యాస. మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్య పుట్టినవాడి నోట తప్ప రాదు. ఉత్తరాది సిపాయికి ఎక్కడిదని నేను ఆలోచించలేదు. జోక్ చేస్తున్నాడనుకుని, పక్కనున్న నా వంటవాళ్ళు నవ్వాలని గట్టిగా అన్నాను, "సచ్చినోళ్ళకు బువ్వ లేదులే. ముందు నువ్వు పోయి ఆ దుమ్ము కడుక్కో."

నవ్వారు. వాడు మూత మీంచి చెయ్యి తీసి, పోయాడు. నేను పెరుగు వేయించుకున్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను. చెయ్యి కడుక్కుంటూ, మీవాడు ఒకడు ఇంకా తొడుగు విప్పలేదని సుబేదారుతో నవ్వులాటకు అన్నప్పుడు, అతను లారీలో సీలు వేసిన పన్నెండు సంచులు చూపించాడు. అప్పుడు పరుగెత్తాను. జాలితో కాదు, భయంతో. డాక్టరు చెప్పిన అరగంటకు ముందు ఇంకో అరగంట ఉంది. అది నేను తినేశాను.

సాయంత్రం సామాన్లు సర్దుతుంటే గుండిగ మూత మీద అయిదు వేళ్ళ నల్ల ముద్ర కనిపించింది. కాశిం చూడకముందే తుడిచాను. మర్నాడు ఆ గుండిగ పెళ్ళికి పోవాలి.

మరియమ్మ బతికింది. ఎండదెబ్బ తర్వాత ఎడమచెయ్యి మాత్రం వణుకుతూ ఉండిపోయింది. ఎవరూ చెప్పకుండానే తన కోసం పరుగెత్తుకొచ్చానని ఊరంతా చెప్పింది. ఏటా చింతపండు కొట్టగానే ఒక సంచి నింపుకుని మా దుకాణానికి వస్తుంది. ఆమె మెట్టు ఎక్కేలోపే ఎదురుపోయి సంచి అందుకుంటాను. మర్యాద అనుకుంటుంది. ఆ చెయ్యి ఎక్కువసేపు చూడలేక.