అచ్చొచ్చిన బండి, అచ్చిరాని బండి

మధ్యాహ్నం భోంచేసి మంచం మీద నడుం వాల్చిన మనిషి గుండె ఆగి చనిపోతే, వాకిట్లో స్టాండు వేసి ఉన్న మోటారు సైకిలు ఆయన ప్రాణం తీసిందని మీరు నమ్ముతారా? ప్రొద్దుటూరులో చదువుకున్నవాళ్లే నమ్ముతున్నారు.

మా హేతువాద మండలికి వెన్నెముకగా నిలిచిన విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు నాగలింగం మాస్టారు గతవారం కన్నుమూశారు. ఆయన భార్య సులోచనమ్మ ఫోనులో చెబితే నేను నమ్మలేదు. విన్నదాన్ని వెంటనే నమ్మవద్దని నేర్పింది ఆయనే. వెళ్లి ఆ ముఖం చూశాక ఇంక అనుమానానికి చోటు లేకపోయింది.

గుట్టల పల్లెల్లో దయ్యం పేరుతో ఆడవాళ్లను కొడుతుంటే వెళ్లి ఆపడానికి ఆయనకొక బండి కావలసి వచ్చింది. తారురోడ్డుకూ రాళ్లదారికీ రెంటికీ పనికొచ్చే పాతకాలపు టూ స్ట్రోక్ బండే కావాలన్నారు. "తోవలో నిలిచిపోతే నేనే ఇప్పి బిగించుకుంటా. కొత్తవాటికి కంప్యూటరు కావల్ల" అనేది ఆయన వాదన. జమ్మలమడుగు బ్రోకరు ఓబులేసు మా ఇద్దరినీ పులివెందులలో ఒక రైతు దగ్గరికి తీసుకెళ్లాడు.

రైతు ఒక్క కిక్కుకే స్టార్టు చేశాడు. నేను మురిసిపోయాను. మాస్టారు ఆపించి, ఇంజను మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"ఏమప్పా, మేం రాకముందే యాడికన్నా పోయొచ్చినావా?"

"లేదు సార్, ఎండకి కాగింది."

"బండి నీడలో ఉండాదే. సల్లారనీ. అప్పుడు కిక్కు కొట్టు."

ఓబులేసు విసుక్కున్నాడు. "పెండ్లిచూపుల్లో గూడా ఇంత అనుమానం ఉండదు సార్. ఈయప్పకి శానా అచ్చొచ్చిన బండి ఇది. కొన్నంక రెండు బోర్లూ పడినాయి."

"బోర్లో నీళ్లు బండి పోసిందా, భూమి పోసిందా?"

రైతే ముందు నవ్వాడు. చల్లారాక ఆ బండి చాలాసేపు తన్నించుకుని గానీ లేవలేదు. ఇంజను లోపల పిస్టన్ రింగులు అరిగాయని రైతు ఒప్పుకున్నాడు. అయినా మాస్టారు కొన్నారు. "లోపం తెల్సినంక భయమేంది? దాసిపెట్టిన లోపానికే భయపడల్ల" అన్నారు. టైర్ల కింద పెట్టమని ఓబులేసు తెచ్చిన నిమ్మకాయల్ని మజ్జిగలో పిండి అతనికే తాగించారు.

సభల్లోనూ ఇదే పద్ధతి. నేను ఆవేశపడితే, "నువ్వు ముందే కాగిన ఇంజనువి. సల్లారి మళ్లీ చెప్పు" అనేవారు. చల్లారాక నా వాదనల్లో సగం లేచేవి కావు.

వేముల దగ్గర ఒక కోడలికి దయ్యం పట్టిందని మంత్రగాడు వేపకొమ్మ ఎత్తాడు. మాస్టారు ఆమె పక్కన కూర్చుని, "ఏమ్మా, కడుపుకి ఏం తిన్నావు?" అని అడిగారు. అత్త వరసగా ఉపవాసాలు చేయిస్తోందని అప్పుడు బయటపడింది. మాస్టారి బండి వెనక కూర్చుని వచ్చిన సులోచనమ్మ ఆమెకు అన్నం కలిపి పెట్టింది. మాస్టారు బండి మీద పులివెందుల ఆసుపత్రికి చేర్చారు.

ఇప్పుడు చావింటికి ఓబులేసు వచ్చాడు. "ఆ బండి అచ్చిరాలేదమ్మా, సార్ని మింగింది. ఇంట్లో పెట్టుకోవద్దు. పాత ఇనుము కింద నేనే తీసకపోతా" అన్నాడు. బంధువులు తలలూపారు. బండి అదే, నోరూ అదే. అమ్మేనాడు అచ్చొచ్చింది, తిరిగి కొనేనాడు అచ్చిరాలేదు. ఈ మాటలో శకునం ఎక్కడుంది? నాకు బేరమే కనిపిస్తోంది.

"బండి ఉండనీ. ఆయన ఎనక కూర్చోని నేనూ పోయినా గదా. మళ్లీ పోతా" అంది సులోచనమ్మ.

"ఈ వయసులో యాడికి పోతావు వదినా?" అన్నాడు మరిది.

"ఆయన పోయిన కాడికే. సావుకు కాదులే, పల్లెలకి."

ఆమెకు బండి తోలడం రాదు, నాకూ రాదు. తోలడం వచ్చిన మా మండలి సభ్యులు నడుం నొప్పి అంటున్నారు, రేపు అంటున్నారు. ఆ నొప్పుల మీద నాకు అనుమానంగా ఉంది. తోలేవాడు దొరక్కపోతే ఆ బండి ఓబులేసుకే పోతుంది. పల్లెల్లో వేపకొమ్మ మళ్లీ లేస్తుంది.

మాస్టారి వంటి మనిషి ఈ జిల్లాకు మళ్లీ దొరకడు. ఆయన పటానికి దండలు తేవద్దు. ఈ ఆదివారం ప్రొద్దుటూరు రండి. ఆ బండి ఎక్కండి. సులోచనమ్మను వెనక కూర్చోబెట్టుకుని వేముల దారి పట్టండి.