మా అమ్మ దగ్గరుండి వేయించిన టీకా

1961 వేసవిలో నన్ను హిందూపురం నుంచి పెనుకొండకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. చేరిన కొద్ది రోజులకే ధర్మవరంలో మశూచి కనిపించింది. అక్కడి ఇన్‌స్పెక్టరు సెలవులో ఉన్నందున ఆ పట్టణాన్ని కూడా నన్నే చూసుకోమన్నారు. మా శాఖలో దీన్ని అదనపు బాధ్యత అంటారు. పేరుకు తగ్గట్టే అందులో అదనంగా వచ్చేది బాధ్యత ఒక్కటే.

హెల్త్ ఇన్‌స్పెక్టరంటే డాక్టరు కాదు. బావుల్లో మందుపొడి కలిపించడం, సంతల్లో కుళ్లిన పండ్లు పారబోయించడం, టీకాలు వేసే వాక్సినేటర్ల పని చూడటం మా విధులు. మాకు పైన జిల్లా ఆరోగ్యాధికారి ఉండేవారు. మశూచి టీకామందు అనంతపురం నుంచి ఐసుతో నింపిన ఫ్లాస్కులో రైల్లో వచ్చేది. చేతి మీద మందుచుక్క వేసి, సన్నని పళ్లున్న బిళ్లలాంటి పరికరాన్ని దాని మీద ఆనించి తిప్పితే చర్మం గీసుకుని మందు లోపలికి పోయేది. కొన్ని రోజులకు అక్కడ పొక్కు లేచి, చెయ్యి వాచి, జ్వరం వస్తే టీకా 'పట్టింది' అని రాసేవాళ్లం. జనం ఆ జ్వరానికే భయపడేవారు. మేము ఆ జ్వరం కోసమే ఎదురుచూసేవాళ్లం. ఇద్దరికీ పొత్తు కుదరకపోవడంలో వింతేమీ లేదు.

ధర్మవరంలో నేతవాళ్ల వీధి మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. వీధి చివరి ఇంట్లో అప్పటికే ఒక పాప పోయింది. ఇంకో రెండిళ్ల ముందు మశూచి సోకిన గుర్తుగా వేపమండలు కట్టి ఉన్నాయి. నారాయణప్ప అనే పెద్దాయన మగ్గం గుంటలో నుంచి లేవకుండానే సమాధానం చెప్పాడు.

"చెయ్యి వాస్తే మగ్గం పలక ఎవరు గుంజల్ల సారూ? పట్టుచీర సగంలో ఉండాది. అమ్మోరు వచ్చేది ఉంటే వస్తాది, పోయేది ఉంటే పోతాది."

ఆయన భార్య రంగమ్మ పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. ఆమె తలెత్తి, "మీ ఇంట్లో పిల్లోల్లకు ఏసినారా సారూ?" అని అడిగింది.

నాకు ఒకతే కూతురు. ఏడాది నిండలేదు. వేయలేదని చెప్పాను.

"అట్లయితే ముందు ఆడ ఏసుకొని, ఆనెంక ఈడికి రాండి" అంది రంగమ్మ. మా వాక్సినేటర్లు ఫ్లాస్కు మూత బిగించారు.

పాపకు టీకా వేయనివ్వనిది మా అమ్మ. ఆమె గురించి కొంత చెప్పాలి. పుట్టింది సోమందేపల్లి దగ్గర మెట్టపల్లెలో. మా నాయన హిందూపురం బెల్లం మండీలో కాటా వేసేవాడు. నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ బట్టీ పెట్టి బొరుగులు, అంటే మరమరాలు, వేయించి, బజారులో అమ్మి, నన్ను చదివించింది. వేడి ఇసుకలో ఏళ్ల తరబడి చెయ్యి ఆడించడం వల్ల ఆమె కుడి అరచేతికి వేడి తెలిసేది కాదు. పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేది. ఎక్కువ మాట్లాడేది కాదు, మాట్లాడితే కన్నడం కలిసిన యాస. నాకు ఉద్యోగం వచ్చిన రోజున, "సర్కారోల్లు నిన్ను దేనికి పెట్టుకుండారు?" అని మాత్రం అడిగింది. టీకాలు వేయించడానికని చెప్పాను. ఆమె లేచి లోపలికి వెళ్లింది. సంతోషం పట్టలేకనేమో అనుకున్నాను.

ఇంట్లోవాళ్లు ఇంకా హిందూపురంలోనే ఉండేవారు. ఆ ఆదివారం అక్కడికి వెళ్లి, ధర్మవరం సంగతి చెప్పి, పాపకు టీకా వేయక తప్పదన్నాను. నా భార్యకు అభ్యంతరం లేదు గానీ అత్తగారి మాటకు ఎదురు చెప్పే అలవాటు లేదు. అమ్మ బొరుగులు జల్లెడ పడుతూ నా వైపు చూడకుండానే చెప్పింది.

"నీకు ముందర ఒగడు ఉండె."

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. అప్పటికి నాకు ముప్పై దాటాయి.

"మీ నాయనే టీకా ఏపించె. చెయ్యి వాచె, జరమొచ్చె. ఏసినోడి కోసరం మీ నాయన ఊరంతా తిరిగె. వాడు ఏసేసి ఇంగో ఊరికి పొయ్యుండె. పిల్లోడు మళ్లా కండ్లు తెరవలా."

నేను వాడి పేరు అడిగాను. చెప్పింది. నాకు పెట్టింది కూడా ఆ పేరే.

ఆమె చెప్పిన దాన్నిబట్టి అది టీకా జ్వరమో, పుండు చీము పట్టిందో, వేరే ఏదైనా జబ్బో నేను చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. ఆమె కూడా అడగలేదు. సంచీ తీసుకుని స్టేషనుకు బయలుదేరబోతుంటే వెనక నుంచి పిలిచింది.

"ధర్మవరంలో పోయిన పాప ఎంతుంటాది?"

"మన పాపంతే ఉంటుందమ్మా."

అమ్మ జల్లెడ పక్కన పెట్టింది. తర్వాత, "జరమొచ్చే దినం నువ్వు యాడుంటావు?" అని అడిగింది.

పెనుకొండలో ఉంటానని, నా డ్యూటీ అక్కడేనని నిజమే చెప్పాను.

"అట్లయితే వద్దు. ఏస్తే ఆ ఊర్లోనే ఏయి. వాళ్లందరి ముందర ఏయి. జరం ఇడిసేదాకా నువ్వు ఆడనే ఉండల్ల, నేనూ ఉంటా. ఏమన్నా అయితే వాళ్లు గూడా చూడల్ల."

ఇలాంటి ఏర్పాటుకు మా నిబంధనల్లో చోటు లేదు. వద్దనే నిబంధన కూడా లేదు. మరునాడు పాపను, నా భార్యను, అమ్మను, ఒక మూట బొరుగులను రైలెక్కించాను.

నేతవాళ్ల వీధిలో అమ్మ నేరుగా రంగమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. పాపను ఒళ్లో పెట్టుకుని, నన్ను వేయమంది. నా చేతులతో నేనే వేశాను. పాప వీధి అదిరేలా ఏడ్చింది. ఆడవాళ్లు చుట్టూ మూగారు. రంగమ్మ అమ్మను, "నీకు భయం లేదా అవ్వా?" అని అడిగింది.

"ఉండాది" అంది అమ్మ. "నా పెద్దకొడుకు టీకా ఏసినాకనే సచ్చిపాయ."

నా పక్కనున్న వాక్సినేటరు మెల్లగా ఫ్లాస్కు సర్దుకోసాగాడు. ప్రచారం ఎలా చేయాలో మాకు శిక్షణలో నేర్పిన పద్ధతి ఇది కాదు. అమ్మ ఆగలేదు.

"నీ వీధిలో టీకా లేకనే ఒగ పాప పాయ. యాది మంచిదో నాకు తెలీదు తల్లీ. నేనైతే జరం ఇడిసేదాకా ఈడనే కూసుంటా. నా కొడుకూ కూసుంటాడు. వచ్చి చూసుకోండి."

రంగమ్మ తన ఇంట్లోనే మాకు చోటిచ్చింది. ఆ రోజు ఎవరూ టీకా వేయించుకోలేదు. కానీ పొద్దున్నే నీళ్లకు పోయేవాళ్లు పాప చెయ్యి చూసి పోయేవారు, సాయంత్రం పడుగు చుట్టేవాళ్లు చూసి పోయేవారు. పొక్కు లేచింది. చెయ్యి ఎర్రబడింది. వారం తిరిగేసరికి జ్వరం వచ్చింది.

ఆ మధ్యాహ్నం వీధిలో మగ్గాల చప్పుడు తగ్గిపోయింది. నేను థర్మామీటరు పెట్టి చూసి, ఇది రావలసిన జ్వరమేనని చెప్పాను. అమ్మ పాప దగ్గరకు జరిగింది. వేడి తెలియని కుడి చెయ్యి కాక ఎడమ చెయ్యి పాప నుదుటి మీద ఉంచి, అలాగే కూర్చుంది. అన్నం ముట్టలేదు. ఒకసారి మాత్రం, "యాడికీ పోవాకు" అంది. నేను ఎక్కడికీ పోలేదు. పెనుకొండ బావులు ఆ రోజు మందుపొడి లేకుండానే ఉన్నాయి. ఏ కొడుకును పిలిచిందో తెలియదు గానీ, ఆమె నా పేరు పలకడం రెండుసార్లు విన్నాను.

పొద్దు వాలే వేళకు పాపకు చెమట పట్టింది. తర్వాత పాలు తాగింది. అమ్మ లేచి ముఖం కడుక్కుని, రంగమ్మతో, "ఆకలైతాంది, ఏమన్నా పెట్టు" అంది. రంగమ్మ రాగిసంగటి పెట్టింది. ఆ తర్వాత తన ఇద్దరు పిల్లలనూ నా ముందుకు తెచ్చి నిలబెట్టింది. నారాయణప్ప గుంటలోంచి లేచి వచ్చి, "పలక గుంజేది కుడి చెయ్యి, ఎడమకు ఎయ్యి" అని చొక్కా మడిచాడు. మరునాటికి ఫ్లాస్కు ఖాళీ అయింది. అనంతపురం నుంచి ఇంకొకటి తెప్పించాను.

ఆ వీధిలో అప్పటికే పడకేసిన వాళ్లలో ఒక ముసలాయన పోయాడు. మిగిలినవారు బతికారు. కొత్తగా ఎవరికీ రాలేదు. అనుమతి లేకుండా వారంపైగా పెనుకొండ విడిచినందుకు జిల్లా ఆరోగ్యాధికారి నన్ను సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసి పంపాను. జవాబు రాలేదు. మా శాఖలో దాన్ని అంగీకారంగానే భావించాలి.

అమ్మ ఆ తర్వాత ఇంకో ఐదారేళ్లు బతికింది. టీకా మంచిదని ఏనాడూ ఒప్పుకోలేదు. అయినా నాకు తర్వాత పుట్టిన ఇద్దరికీ తన ఒళ్లోనే వేయించింది. ఇద్దరికీ జ్వరం తగ్గేదాకా నన్ను ఇల్లు కదలనివ్వలేదు. ఆమె పోయినప్పుడు ధర్మవరం నుంచి రంగమ్మ రైలెక్కి వచ్చింది.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది ఒకటే. టీకా వేసే రోజు వాక్సినేటరు ఉంటే చాలు. జ్వరం వచ్చే రోజు ఇన్‌స్పెక్టరు ఆ వీధిలో ఉండాలి. ఆ తర్వాత నా పర్యటనలన్నీ ఈ ప్రకారమే వేసుకున్నాను. నా కింద పనిచేసిన వాళ్లకూ చెప్పాను. కొందరు పాటించారు.