సూదమ్మ దయ్యమైన మధ్యాహ్నం

ఆమెను వీధిలో అందరూ సూదమ్మ అంటారు. అసలు పేరు పెన్షను పుస్తకంలో ఉంది, దాన్ని అక్కడే ఉండనిద్దాం. ముప్పయ్యొక్కేళ్లు జైలు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. రిటైరై పన్నెండేళ్లయినా, ఇరుగుపొరుగు వాళ్లు డాక్టరు చీటీ పట్టుకుని ఆమె గుమ్మం ముందే నిలబడతారు. సూది వేసేటప్పుడు ఆమె బుజ్జగించదు, కబుర్లు చెప్పదు. "చెయ్యి వదులుగా పెట్టు" అంటుంది, అవతలివాళ్లు పెట్టేలోపే పని అయిపోతుంది. అత్తగారి చెయ్యి తేలిక, నోరు బరువు అని అల్లుడు అంటుంటాడు. ఆమె వినేలాగే అంటాడు.

ఈ అల్లుడికే ఆమెను మళ్లీ జైలుకు తీసుకెళ్లాలనే బుద్ధి పుట్టింది. ఊరి నడుమనున్న పాత జైలు ఖాళీ అయి చాలా ఏళ్లయింది. ఖైదీలను ఊరి బయట కొత్త కట్టడంలోకి మార్చారు. పాతదానికి సున్నం వేయించి, బోర్డులు పెట్టించి, చూడవచ్చేవాళ్ల కోసమని ఎవరో కంపెనీవాళ్లకు అప్పజెప్పారు. వాళ్లు దాంట్లో దయ్యాల టూరు పెట్టారు. అల్లుడు నలుగురికీ టిక్కెట్లు తెచ్చి బల్లమీద పరిచి, "అత్తయ్యా, ఆదివారం మిమ్మల్ని మీ ఆఫీసుకు తీసుకెళ్తున్నా" అన్నాడు.

"ముప్పయ్యొక్కేళ్లు చూసింది చాల్లేదా నాయనా" అని సూదమ్మ మొహం ముడుచుకుంది గాని, లోపల ఆమెకు వెళ్లాలనే ఉంది. కారణం మనవరాలు. ఆ పిల్లకు పన్నెండేళ్లు. పెద్దయ్యాక ఏమవుతావని బడిలో రాయమంటే, మా అమ్మమ్మలాగా నర్సునవుతాను అని పేజీన్నర రాసింది. ఆ పేజీన్నరను సూదమ్మ ఎన్నిసార్లు చదువుకుందో ఎవరికీ చెప్పలేదు. తను నిలబడి పనిచేసిన వార్డును ఆ పిల్లకు చూపించాలని ఆమె ఆశ.

గేటు దాటగానే ఆమెకు చిరాకు మొదలైంది. లోపలికి వచ్చేవాళ్లను సోదా చేసే గదిలో ఇప్పుడు టిక్కెట్లు చింపుతున్నారు. పక్కన దుకాణంలో ప్లాస్టిక్ బేడీలు, చారల టోపీలు అమ్ముతున్నారు. కింది వరస గదుల్లో జనం ఊచలు పట్టుకుని, నాలుక బయటపెట్టి ఫొటోలు దిగుతున్నారు. ఒక మనిషి విచారణ కోసం నాలుగేళ్లు ఎదురుచూసిన గదిలో నిలబడి నాలుక వెళ్లబెట్టడంలో ఏం సరదా ఉందో వాళ్లకే తెలియాలి. సూదమ్మ ఒకసారి ఆగి చూసి, ఏమీ అనకుండా నడిచింది. ఏమీ అనకపోవడం ఆమెకు అలవాటు లేని పని కాబట్టి కూతురు కాస్త భయపడింది.

"అమ్మా, నీకు ఇష్టం లేకపోతే వెళ్లిపోదాం."

"టిక్కెట్లు కొన్నాడుగా మీ ఆయన. పద."

దయ్యాల టూరు మధ్యాహ్నం రెండింటికి. వెలుతురు రాకుండా కిటికీలకు నల్లగుడ్డ కొట్టారు. గైడు నల్లచొక్కా తొడుక్కుని, బ్యాటరీ లాంతరు పట్టుకుని వచ్చాడు. పాతికేళ్లుంటాయి. వెనక ఇరవైమంది జనం. ఉరికొట్టంలో ఒక అరుపు, స్టోరుగదిలో ఒక గొలుసు చప్పుడు, అన్నీ గోడల్లో దాచిన స్పీకర్లలోంచే. సూదమ్మ అవన్నీ ఓపికపట్టింది. చివరికి వాడు ఆసుపత్రి వార్డు తలుపు తోశాడు. ఆమె మనవరాలి చెయ్యి పట్టుకుని ముందుకు జరిగింది.

పదకొండు ఇనుప మంచాలు. మధ్యలో ఒక బొమ్మ. తెల్లకోటు, విరబోసిన జుట్టు, ఎర్రరంగు కారుతున్న నోరు, చేతిలో పుర్రెగుర్తు సీసా.

"ఈ వార్డులో ఒక నర్సు ఉండేది" అని గైడు గొంతు తగ్గించాడు. "ఒక్క వానాకాలంలో పదకొండుమంది ఖైదీలను మందులో విషం కలిపి చంపింది. ఎందుకు చంపిందో ఎవరికీ తెలియదు. చివరికి ఇదిగో, ఈ కొక్కేనికే ఉరేసుకుంది. ఆమె గొంతు ఇప్పటికీ ఈ గదిలో వినిపిస్తుంది. వినండి."

స్పీకరు గరగరలాడింది. "నోరు తెరువు. నాలుక ఎత్తు. మింగు."

సూదమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాటలు ఆమెవి. ఖైదీలు మాత్రలను నాలుక కింద దాచుకుని, వార్డు బయటికి పోయాక పొగాకుకు మార్చుకునేవాళ్లు. ఒకడు నిద్రమాత్రలు పద్నాలుగు అలా పోగుచేసి ఒకేసారి మింగబోతుంటే ఆమె పట్టుకుంది. అప్పట్నుంచి ప్రతి మాత్రా ఆమె కళ్లముందే మింగాలి. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, టార్చి వేసి చూసి, అప్పుడు చీటీలో గీత పెట్టేది. ఆ జైల్లో అలా చేసిన నర్సు ఇంకొకరు లేరు. కాబట్టి ఈ విషపు నర్సు, ఈ దయ్యం, ఎవరో కాదు. తనే.

బతికున్న మనిషిని చంపి, కొక్కేనికి వేలాడదీసి, టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? పైగా ఆ పిల్ల చూస్తుండగా.

"నాయనా, ఆ కొక్కెం సెలైను సీసా తగిలించడానికి" అంది సూదమ్మ. గొంతు పెంచలేదు. "దానికి మనిషి వేలాడితే గోడతో సహా ఊడొస్తుంది. రెండుసార్లు సిమెంటు పెట్టించింది నేనే."

"మామ్మగారూ, ప్రశ్నలు చివర్లో అడుగుదురుగాని."

"ప్రశ్న కాదు, చెప్తున్నా. ఆ నర్సును నేనే. ఉరేసుకోలేదు. పొద్దున కాఫీ తాగి వచ్చా."

జనంలో కొందరు నవ్వారు. సూదమ్మ పట్టించుకోలేదు. మొదటి మంచం దగ్గరికి వెళ్లి చెయ్యి వేసింది.

"ఇక్కడ ఒక వడ్రంగి ఉండేవాడు. జ్వరంలో కూడా ఈ మంచం కోడు సరిగ్గా లేదని సణిగేవాడు. ఇక్కడ ఒక పెద్దాయన, ఏం దొంగిలించానని తెచ్చారో ఆయనకే గుర్తులేదు. ఈ మూలన ఉన్నవాడికి ఇంకో వారంలో విడుదల. వాళ్లను చంపింది విషం కాదు, నీళ్లు. బావికి పన్నెండడుగుల దూరంలో మరుగుదొడ్లు కట్టారు. వానకు ఆ మురుగంతా బావిలోకి దిగింది. నేను మూడు ఉత్తరాలు రాశా. ఒక పెద్ద స్టవ్వు, రెండు గిన్నెలు, కిరసనాయిలు ఇప్పించండి, నీళ్లు కాచి పోస్తానని. సూపరింటెండెంటు ఏమన్నాడో తెలుసా? ఖైదీలకు కాచిన నీళ్లా, ఇంకా నయం, పాలు అడగలేదు, అన్నాడు."

ఆమె ఆగింది. ఆ తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే అందరూ కొట్టారు.

"ఎంత బాగా చేసిందో చూడండి, నిజం దయ్యంలాగే ఉంది" అని ఒకావిడ పక్కావిడతో అంది. ఇంకొకతను వచ్చి, బొమ్మ పక్కన నిలబడితే ఫొటో తీసుకుంటానని బతిమాలాడు. గైడు తెలివైనవాడు, కాదనలేదు. లాంతరు ఎత్తి ఆమె మొహం మీదికి వెలుగు పట్టాడు. నిజం చెబితే నటన అనుకుని చప్పట్లు కొట్టేవాళ్లతో ఏం మాట్లాడతాం? సూదమ్మ జనాన్ని తోసుకుని బయటికి నడిచింది.

మేనేజరు పాత సూపరింటెండెంటు గదిలోనే కూర్చున్నాడు. సంగతి విని సంతోషంగా లేచి నిలబడ్డాడు.

"మీరు నిజంగా ఆ నర్సేనా అమ్మా? ఆదివారాలు రాగలరా? కారు పంపిస్తాం."

"రాను. ఆ కథ మార్చండి. వాళ్లు మురుగునీళ్లు తాగి పోయారు. అది చెప్పండి."

"మురుగునీళ్ల కథ వినడానికి ఎవరొస్తారమ్మా?"

"విషమని ఎవరు చెప్పారు మీకు?"

మేనేజరు గోడమీద అద్దం కట్టి తగిలించిన కాగితం చూపించాడు. పదకొండు చావుల మీద విచారణ రిపోర్టు. కింద నుంచి మూడో వాక్యం: ఆసుపత్రిలో ఇచ్చిన మందులు వికటించడమే కారణమని అనుమానించడమైనది. బావి ఊసు లేదు, ఉత్తరాల ఊసు లేదు. దాని కింద సూపరింటెండెంటు సంతకం. తన సెలవు చీటీల మీద ఏళ్ల తరబడి చూసిన సంతకమే.

జ్వరమని రాసి ఫైలు మూసేశారనుకుంది ఆమె ఇన్నాళ్లూ. తన పేరు మీదికి తోసి మూశారని ఇప్పుడే తెలిసింది. గైడు కుర్రవాడిది గాలి కబురు, పోనీలే అనుకోవచ్చు. ఇది స్టాంపు వేసి, సంతకం పెట్టి చెప్పిన అబద్ధం. చెప్పినవాడు దర్జాగా రిటైరై, దర్జాగా పోయాడు. వాడి దయ్యం మాత్రం ఈ జైల్లో ఎక్కడా లేదు.

"నా ఉత్తరాల కాపీలు ఇంట్లో ఉన్నాయి" అంది. "తెచ్చిస్తా. ఈ కాగితం పక్కనే వాటినీ తగిలించాలి. ఆ బొమ్మను తీసెయ్యాలి. లేకపోతే పేపరువాళ్లను వెంటబెట్టుకుని వస్తా."

"పై వాళ్లతో మాట్లాడి చెప్తామమ్మా" అన్నాడు మేనేజరు.

అల్లుడు ఆటో మాట్లాడటానికి వెళ్లాడు. కూతురు కోపంతో ఫోనులో ఎవరికో జరిగిందంతా చెబుతోంది. సూదమ్మ, మనవరాలు గేటు పక్కన అరుగు మీద కూర్చున్నారు. పిల్ల చాలాసేపట్నుంచి ఏదో ఆలోచిస్తోంది.

"అమ్మమ్మా, వాళ్లు మాత్రలు మింగడానికి నీళ్లు ఎవరిచ్చేవాళ్లు?"

ఈ ప్రశ్న విచారణలో ఎవరూ అడగలేదు. బతికున్నన్నాళ్లు మొగుడూ అడగలేదు. వార్డులో ఇందాక చప్పట్లు కొట్టిన ఇరవైమందికీ తోచలేదు.

"నేనే" అంది సూదమ్మ.

"ఏ నీళ్లు?"

"ఆ బావి నీళ్లే. వేరే నీళ్లు లేవమ్మా అక్కడ. వట్టి గొంతుతో మాత్ర దిగదు."

"అవి మంచివి కావని నీకు తెలుసు కదా."

"తెలుసు. ఉత్తరాలు రాసింది నేనే కదా."

సూదమ్మ గొంతులో ఇందాకటి కోపం ఇంకా ఉంది, కానీ దాన్ని ఎవరి మీద చూపాలో ఆమెకు తెలియడం లేదు. పిల్ల తప్పు పట్టడానికి అడగడం లేదు. లెక్కలో ఒక మెట్టు తెలియకపోతే అడిగినట్టు అడుగుతోంది.

"మరి మనింట్లో స్టవ్వు ఉండేదిగా. కాచి తేలేకపోయావా?"

కాదనొచ్చు. పదకొండుమందికి చాలినన్ని నీళ్లు బస్సులో ఎలా మోసుకెళ్లను అని అనొచ్చు, అదీ అబద్ధం కాదు. సూదమ్మ నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"తెచ్చేదాన్ని" అంది. "రోజూ ఒక సీసా. నాకు తాగడానికి."