దూదికి కట్టిన జడ

సుజన ఉన్నన్నాళ్లూ దూది ఒంటిమీద చిక్కన్నదే లేదు. దూది అంటే వాళ్లింట్లో కుందేలు. మూతి తప్ప తక్కినదంతా జానెడు బొచ్చే. సుజన పొద్దున్నే దాన్ని ఒళ్లో వేసుకుని, తన దువ్వెనతోనే పాయలు తీసి దువ్వేది.

"నీ తల పిచ్చుకగూడు మాదిరి ఉండాది. దానికి మాత్రం సోకులు!" అని తల్లి గంగక్క దెప్పేది.

వానాకాలంలో జ్వరమొచ్చి సుజన పోయింది. దువ్వెన అద్దం వెనక అట్లే ఉండిపోయింది, పళ్లలో సుజన తలవెంట్రుకలు రెండింటితో. గంగక్క కుందేలుకు గడ్డి వేసేది, నీళ్లు పెట్టేది. దువ్వెన జోలికి మాత్రం పోలేదు.

కార్తీకం దాటేసరికి దూది చెవుల వెనక బొచ్చు ఉండలు కట్టింది. వీపు మీద ఒక పాయ తాడులా పేనుకుపోయింది. పక్కింటి ఈరక్క అది చూసి చెంపలేసుకుంది.

"మే గంగా, కత్తెర పెట్టొద్దు! అది ఎల్లమ్మ జడ. అమ్మ ఒంటిమీదికొస్తేనే అట్ల కట్టేది."

"జడ మనుషులకు గదక్కా కట్టేది?"

"బిడ్డ పోయినంకనే కట్టె. ఊరికే కడ్తాదా? నీ కూతురు యాడికీ పోలే. ఈడనే ఉండాది."

ఆ మాట పట్టుకుని గంగక్క బతికింది. మంగళవారం, శుక్రవారం ఆ జడకు ఆముదం, పసుపు రాసి కుంకుమ పెట్టేది. నిమురుతుంటే కూతురి తల నిమిరినట్టే ఉండేది. "తోలు గుంజుతాండాది గదే, కత్తిరించు" అన్నందుకు మొగుడు అయ్యన్న మీదికి చెంబు విసిరింది.

శివరాత్రి పోయి ఎండలు ముదిరాయి. దూది కొత్తిమీర కాడ పెట్టినా మూతి తిప్పుకుంది. గోనెపట్ట మీద పెంటికలు పడటం ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం జడ మీద చెయ్యి వేయగానే కీచుమంది. గంగక్క అంతవరకూ దాని గొంతు విని ఎరగదు. జడ ఎత్తి చూస్తే కింద తోలు కమిలి, చీము పట్టి ఉంది.

"ఇట్ల నొప్పిచ్చేది నా బిడ్డ గాదు" అంది. కత్తెర తెమ్మంది.

అయ్యన్న కుందేలును కదలకుండా పట్టుకున్నాడు. ఉల్లిపొరలాంటి తోలు తెగకుండా, కుదురు దగ్గర రెండు వేళ్లు అడ్డం పెట్టి ఆమె కొంచెం కొంచెంగా కోసింది. గోడ మీంచి ఈరక్క అరిచింది.

"వద్దే! అమ్మకు కోపమొస్తాది!"

"రానీ అక్కా. ఇంక నా దగ్గర ఏముండాది, తీసుకోనీకి?"

జడ ఊడి ఒళ్లో పడింది. చెవుల వెనక ఉండలకు దువ్వెన కావాల్సి వచ్చింది. గంగక్క లేచి అద్దం వెనక చెయ్యి పెట్టింది. ఆ రెండు వెంట్రుకలు తీసి, వేలికి చుట్టుకుంది. అప్పుడు దువ్వింది.

గాయానికి పసుపు అద్ది దూదిని నీడన కూర్చోబెట్టారు. గంగక్క కొత్తిమీర కాడ మూతి దగ్గర పట్టుకుంది. అది ముక్కు ఆడించింది, నోరు తెరవలేదు. కాడ వాడిపోయింది. ఆమె దాన్ని పక్కన పడేసి, ఇంకొకటి తుంచింది.