నడిచే వేషం

జూబ్లీహిల్స్ దిగుడులో నా పాత మౌంటెన్ సైకిల్ ఆగాలంటే బ్రేకుతో పాటు దేవుణ్ణి కూడా పట్టుకోవాలి. డిస్క్ బ్రేకు వేయిద్దామంటే దాని ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు ఆ బ్రేకు బిగించే చోటే లేదు. అందుకని వేరే ఫోర్కు కొన్నాను. ఇంట్లో అందరూ నవ్వేసరికి, వాపసు ఇచ్చేద్దామని దాన్ని ఒళ్లో పెట్టుకుని షేక్‌పేటలో సిటీ బస్సెక్కాను.

పక్క సీట్లో ఒక పెద్దావిడ. సినిమాల్లో గుంపు సీన్లకు వెళ్తుందట. నా సంగతి విన్న కండక్టర్, "పాత సైకిల్‌కు గింత తిప్పలేంది సార్? కొత్తది కొనుక్కోరాదుండ్రి?" అన్నాడు.

నేను తలూపేలోపే ఆవిడ అందుకుంది.

"నా మోకాలు ఖరాబైతే డాక్టర్ మోకాలే మార్చిండు. కొత్త ముసల్దాన్ని తెచ్చుకోమని మా ఇంటోళ్లకు చెప్పలే!"

బస్సంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "ఇయ్యాల మంచం మీద కూసునే యేషం ఇస్తమన్నరు. నడిచే యేషమైతేనే వస్తనన్న," అంది నాతో.

ఫిల్మ్‌నగర్‌లో చెయ్యి అందించబోతే, "జర జరుగు బిడ్డా" అని నన్ను పక్కకు నెట్టి, మెట్లు తానే దిగింది.

ఫోర్కు కొన్న షాపు దగ్గర బస్సు ఆగింది. నేను లేవలేదు. తర్వాతి స్టాపులో, సైకిల్ ఉంచిన మెకానిక్ దగ్గర దిగాను. అతను, "సార్, గీ పాతదానికి..." అని మొదలుపెట్టాడు.

"బిగించవయ్యా," అన్నాను.