వేలిముద్ర వెయ్యని సత్తమ్మ

కోదాడలో రైసుమిల్లు హమాలీ మల్సూర్‌కు రోజూ కల్లు పడాల్సిందే. అది చెట్టు నుంచి దించిన కల్లు కాదు, కల్లుడిపోవాళ్లు క్లోరల్ అనే మత్తుపొడి కలిపి అమ్మే మందుకల్లు. 1991 ఎండాకాలంలో డిపో నాలుగు రోజులు మూతపడితే అతనికి చేతులు వణికాయి, కంటిమీద కునుకు లేదు. భార్య సత్తమ్మే ఆర్‌ఎంపీ దగ్గరికి తోలుకపోయింది. ఆయన మల్సూర్ తాగుడు సంగతి అడగనే లేదు, డైజీపాం నిద్రగోళీలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఐదోనాడు డిపో తెరిచారు. మల్సూర్ పొద్దున్నే నాలుగు సీసాలు తాగొచ్చి, రెండు గోళీలు మింగి పడుకున్నాడు.

మధ్యాహ్నానికి గురక తేడాగా వినిపించింది. లారీలో వేసుకుని సూర్యాపేట దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది.

"కల్లుల పొడి, ఈ గోళీ, రెండూ మత్తువే," అంది డాక్టరమ్మ. "పొడి జల్ది పడగొడతది. గోళీ రోజుల తరబడి ఒంట్లనే ఉంటది. రెండు కలిస్తే ఊపిరి ఆడుడే ఆగిపోతది."

సత్తమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆర్‌ఎంపీని నిలదీస్తే, తాగి వేసుకోవడం వాడి తప్పన్నాడు. డిపోవాళ్లు గోళీ ఇచ్చినోణ్ని అడుగు పొమ్మన్నారు. పోలీసు జమేదారేమో అతిగా తాగి చనిపోయాడని కాగితం రాసుకొచ్చి వేలిముద్ర వెయ్యమన్నాడు.

"కల్లుల కలిపినోని పేరు రాయి, గోళీలిచ్చినోని పేరు రాయి. అప్పుడేస్త," అని చెయ్యి కొంగులో చుట్టేసుకుంది.

వేలిముద్ర వెయ్యకుంటే శవాన్ని ఇచ్చేది లేదని బెదిరించినా కదల్లేదు. చివరికి ఆమెకు బదులు ఆమె అన్న సైదయ్యతో వేలిముద్ర వేయించుకున్నారు. ఆ అన్నతో ఆమె మళ్లీ మాట్లాడలేదు.

కోదాడ మొఖం చూడబుద్ధి కాక మిర్యాలగూడ మిల్లులో పనికి కుదిరింది. మూడేళ్లకు, తోటి కూలీ మంగ్లీ తన మొగుడు బాల్యా మందుకల్లు తాగుతూనే నిద్రగోళీలు కూడా మింగుతున్నాడని చెప్పింది. సత్తమ్మ చేట కింద పడేసి నేరుగా వాళ్లింటికి నడిచింది. గోళీలు లాక్కుని, బాల్యా తిడుతున్నా వినకుండా, మంగ్లీని వెంటబెట్టుకుని అతన్ని సర్కారు దవాఖానకు లాక్కుపోయింది. ఒక్కసారే అన్నీ బంద్ చేస్తే ఫిట్స్ వస్తాయని, డాక్టర్లు పదిరోజులు అక్కడే ఉంచుకుని మెల్లమెల్లగా మాన్పించారు.

బాల్యా బతికాడు. అంతమాత్రాన ఆమె కోపం చల్లారలేదు. కల్లుడిపో కనబడితే చాలు, దాని ముందు నిలబడి నోరారా తిట్టిగానీ పనికి పోయేది కాదు.