రాజలింగం సార్ టైపు కొట్టనివ్వని వాక్యం

నిన్న బేగంబజార్‌లో గిన్నెలు కొనుక్కుని వస్తుంటే ఒక కాగితాల కొట్టు ముందు కార్బన్ పేపర్ వాసన గుప్పుమంది. ఇంకా వాడేవాళ్లున్నారా అనుకుంటూ అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు రాజలింగం సార్ గుర్తొస్తారు.

డెబ్బైల నాటి మాట. నయాపూల్ దగ్గర కోర్టు గోడ పక్కన టైపు మిషన్లు పెట్టుకుని, చదువురానివాళ్లకు ఇంగ్లీషులో అర్జీలు కొట్టిచ్చేవాళ్లు వరసగా కూర్చునేవారు. చివరి బల్ల సార్‌ది. పెళ్లీ పిల్లలూ లేని మనిషి. ఉస్మాన్‌గంజ్‌లో ఒక గదిలో ఒక్కరే ఉండేవారు. పంతొమ్మిదేళ్లప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరాను. మనిషి తప్పిపోయాడని ఎవరొచ్చినా, మిగతా టైపిస్టులు 'వి హావ్ లెఫ్ట్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్' అని కొట్టి పారేసేవారు, కూర ఏదైనా కొత్తిమీర చల్లినట్టు. ఒక్క రాయినీ తిరగెయ్యకుండా వదల్లేదని, అంటే వెతకాల్సిన చోటల్లా వెతికామని దానర్థం. సార్ మాత్రం ఎక్కడెక్కడ వెతికారో అడిగి, అన్నీ విన్నాకే ఆ వాక్యం కొట్టేవారు. పక్క బల్లలవాళ్లు ఆటపట్టించేవారు. నాకూ అది చాదస్తంగానే అనిపించేది.

అప్పుడే మా అన్న తప్పిపోయాడు. పొద్దున పనికని వెళ్లినవాడు మళ్లీ ఇంటికి రాలేదు. మూడు వారాలు చూసి, పోలీసులకు ఇవ్వాల్సిన అర్జీ నేనే టైపు చేశాను. చివర్లో ఆ వాక్యం పెట్టి సార్‌కు చూపించాను. ఆయన చదివి కళ్లద్దాలు తీశారు.

"ఏడేడ వెతికిన్రు, బిడ్డా?"

"పనిచేసే కాడ, చుట్టాల ఇండ్లల్ల, రైలు టేషన్ల."

"దవాఖానల?"

తల అడ్డంగా ఊపాను. ఆసుపత్రికి వెళ్లడమంటే అన్న పోయాడని ఒప్పుకోవడమేనని అమ్మ వద్దంది. నాకూ అదే భయం.

"మరి గిది ఎట్ల కొట్టినవ్?"

పీకలదాకా కోపం వచ్చింది. "మీకేం తెల్సు సార్? మీకెవరున్నరు?" అనేశాను. ఆయన మిషన్ మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని, "నడువు, పోదాం" అన్నారు.

వంతెన దాటి పెద్దాసుపత్రికి నడిచాం. వార్డుల్లో ఒక్కో మంచం చూసుకుంటూ వెళ్లాం. చివరికి శవాల గది దగ్గర నేను ఆగిపోయాను. సాయంత్రాలు నన్ను తీసుకెళ్లడానికి వచ్చే అన్నను సార్ బాగా ఎరుగుదురు. "నువ్వు ఈడనే ఉండు. నేను చూసొస్త" అని లోపలికి వెళ్లారు. చాలాసేపటికి వచ్చి మెట్టు మీద కూలబడ్డారు.

"లేడు బిడ్డా. అందరి మొఖాలు చూసిన."

నేనన్న మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని మాత్రం అడగలేకపోయాను, ఆ రోజే కాదు, ఎప్పటికీ. బల్ల దగ్గరికి తిరిగొచ్చాక సార్ ఆ అర్జీలో ఒక్క అక్షరం మార్చలేదు. "ఇగ ఇయ్యి" అన్నారంతే.

అన్న దొరకలేదు. అమ్మ ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికింది. అన్నం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండా అడిగేది: "అంతట చూసినమా, బిడ్డా?" ఆమె కళ్లలోకి చూసి "చూసినమమ్మా" అనేదాన్ని. అప్పుడు తినేది. ఇప్పుడు సార్ లేరు, అమ్మ లేదు, ఇంట్లో నేనొక్కదాన్నే. అడిగేవాళ్లెవరూ లేరు. అయినా కంచం ముందు కూర్చున్నాక, "చూసినమమ్మా" అని ఒకసారి పైకే అనుకుని, అప్పుడు తింటాను.